అమెరికా ఆయన ఇవ్వని వాటా

నేను తొమ్మిదో తరగతిలోకి వచ్చిన ఏడాది మా హైస్కూలుకు కొత్త ఇంగ్లీషు మేడం వచ్చారు. కావలి నుంచి రోజూ బస్సులో వచ్చి పోయేవారు. ఎం.ఏ.లో అమెరికా సాహిత్యం ప్రత్యేకంగా చదువుకున్నారట. చదివింది ఊరికే పోనివ్వడం ఇష్టం లేక, హెడ్‌మాస్టర్ గారిని అడిగి మా ఆఖరి పీరియడ్ పుచ్చుకున్నారు. టైంటేబుల్లో అది ఆటల పీరియడ్. పేరుకే ఆటలు. బంతి హెడ్‌మాస్టర్ గారి బీరువాలో, ఆ బీరువా తాళంచెవి ఆయన జేబులో ఉండేవి. కాబట్టి మాకు కొత్తగా పోయిందేమీ లేదు. అయినా మగపిల్లలు వారం రోజులు మొహాలు ముడుచుకునే కూర్చున్నారు.

దానికి మేము అమెరికా పీరియడ్ అని పేరు పెట్టాం. గంట కొట్టగానే అయిదు నిమిషాలు రాయాలి. పొద్దున లేచి బడికి వచ్చేలోపు కంటబడింది ఏదైనా సరే, ఇంగ్లీషులో ఒక వాక్యం. తప్పులుంటే ఉండనివ్వండి అనేవారు మేడం. మొదటిరోజు నేను ‘టుడే ఆల్సో ఫిష్’ అని రాశాను. జువ్వలదిన్నెలో, అందులోనూ మా ఇంట్లో, పొద్దున్నే ఇంకేం కనపడుతుంది? మేడం దాని కింద ఎర్ర పెన్నుతో, ఏం చేప, అని అడిగారు. మర్నాడు వంజరం అని రాస్తే, అది ఎవరి చేతిలో ఉంది, అని అడిగారు. మా అమ్మ చేతిలో అని రాస్తే, ఆ చేతులు ఎలా ఉన్నాయి, అని అడిగారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈమెకు అంతగా కావాలంటే మా ఇంటికొచ్చి చూసుకోవచ్చు గదా అని పక్క పిల్లతో గొణిగాను.

గొణిగాను గానీ, మరుసటి పొద్దున అమ్మ గంపలో చేపలు సర్దుతుంటే పళ్ళు తోముకోవడం ఆపి ఆమె చేతులు చూశాను. మోచేతుల దాకా పొలుసులు అంటుకుని తళతళమంటున్నాయి. పుట్టిన దగ్గర్నుంచీ ఆ చేతులతోనే అన్నం తిన్నాను, ఏనాడూ అంత సేపు చూసింది లేదు. పొలుసును ఇంగ్లీషులో ఏమంటారో తెలియక స్టాఫ్ రూముకు వెళ్ళి మరీ అడిగి తెచ్చుకున్నాను. ఆ రోజు ఎర్ర పెన్ను ఏమీ అడగలేదు. టిక్కు పెట్టి ఊరుకుంది. నాకు ఎంత సంతోషమేసిందంటే, ఇంటికి పోయి అందరికీ ఆ టిక్కు చూపించాను. మా నాన్న దాన్ని అటు తిప్పీ ఇటు తిప్పీ చూసి, ఎన్ని మార్కులు, అని అడిగాడు. మార్కులు లేవంటే ఆయనకు అర్థం కాలేదు.

రాయడం అయ్యాక కథ చదివేవారు. మేడం ఇంగ్లీషులో చదువుతూ, మేము నోళ్ళు తెరిచినప్పుడల్లా ఆగి తెలుగులో చెప్పేవారు. ఆ కథల్లో ఎప్పుడూ చలే. మంచు పడేది, తలుపులు మూసుకుపోయేవి, మనుషులు పొయ్యి ముందు కూర్చుని తక్కువ మాట్లాడేవారు. మంచు అంటే ఎలా ఉంటుందో చెప్పలేక మేడం మొదట్లో అవస్థ పడ్డారు. దూదిలా అన్నారు, పిండిలా అన్నారు. చివరికి మా వెనక బెంచీ అబ్బాయి, ఐసు ఫ్యాక్టరీలో దిమ్మను మిషన్లో వేస్తే కింద పడేదేనా అని అడిగాడు. అదే అన్నారు మేడం. ఇక మాకు అమెరికా అంతా తెలిసిపోయింది. ఊళ్ళకు ఊళ్ళే ఐసు పొడిలో ఉంటాయన్నమాట. అంత ఐసు ఊరికే దొరుకుతుంటే అక్కడివాళ్ళకు చేప పాడవుతుందన్న దిగులే ఉండదు గదా, మరి కథలో అందరూ ఎందుకట్లా దిగులుగా ఉంటారు అని అదే అబ్బాయి అడిగాడు. మేడం నవ్వి, ఆ ప్రశ్ననే ఆ రోజు ఇంటిపనిగా ఇచ్చారు. అర పేజీ రాయమన్నారు. వాడి మీద అందరం విరుచుకుపడ్డాం.

సాయంత్రం అమ్మ ముందు కూర్చుని ఆ రోజు కథ నేను మళ్ళీ చెప్పేదాన్ని. మా అమ్మ చదువుకోలేదు. కథల పిచ్చి మాత్రం ఉంది. వలలు బాగు చేసుకునే పాక దగ్గర సాయంత్రాలు నలుగురు ఆడవాళ్ళు చేరేవారు, వాళ్ళందరికీ నేనే సీరియల్. టీవీలో సీరియల్ వస్తున్నా కట్టేసి, ఇయ్యాల అమెరికా వాళ్ళకు ఏమైందే పాపా అని పిలిచేవారు. కథ మధ్యలో బెల్లు కొట్టి ఆగిపోయిన రోజున నాకు తిట్లు. మేడం ఆపారంటే ఒప్పుకునేవారు కాదు. నువ్వే సరిగా వినుండవు అనేది అమ్మ. అందుకే ఆ పీరియడ్ అంటే నాకు ప్రాణం. రోజు మొత్తంలో నేను నలుగురికి కావలసిన మనిషినయ్యేది దానివల్లే.

అలాంటి పీరియడ్ మీద లెక్కల సారు కన్ను పడింది.

లెక్కల సారుది విడవలూరు వైపు రైతు కుటుంబం. మంచివారే. కానీ లోకంలో ఏ ఖాళీ కనిపించినా అందులో లెక్కలు నింపాలనుకునే మనిషి. పదో తరగతి ఫలితాలు బాగుండాలంటే పునాది తొమ్మిదిలోనే పడాలి, ఆఖరి పీరియడ్ తనకిమ్మని హెడ్‌మాస్టర్ గారి దగ్గర కూర్చున్నారు. పైగా ఒక మాట అన్నారట: ఈ పిల్లలు సొంతంగా ఒక పేజీ ఇంగ్లీషు రాస్తే తను మళ్ళీ ఆ పీరియడ్ ఊసెత్తనని. హెడ్‌మాస్టర్ గారికి ఎవరితోనూ తగువు ఇష్టం ఉండదు. సరే, శుక్రవారం మీరే వచ్చి మీ ఎదురుగా రాయించండి, ప్రతి పిల్లా పిల్లాడూ సొంతంగా రాస్తే పీరియడ్ ఆమెది, గైడు చూసి బట్టీ పట్టింది రాస్తే మీది అని తేల్చేశారు. బట్టీని పసిగట్టడంలో లెక్కల సారును మించినవారు మా మండలంలో లేరు. మేడం ఈ సంగతి మాతో చెప్పినప్పుడు గొంతు మామూలుగానే ఉంది గానీ, చేతిలో సుద్దముక్క రెండుగా విరిగింది.

గురువారం మేడం ఒక కథ చదివారు. చలిదేశపు సముద్రం ఒడ్డున ఒకాయన ఒంటరిగా ఉంటాడు. పక్కింటాయనకూ ఆయనకూ కంచె దగ్గర ఏదో మాట వచ్చి ఏళ్ళ తరబడి పలకరింపులు లేవు. ఒక తెల్లవారుజామున ఒడ్డుకు దగ్గరగా చేపల గుంపు వస్తే ఆయన వల వేస్తాడు. బరువుకు లాగలేకపోతాడు. పక్కింటాయన కిటికీలోంచి చూసి, ఒక్క మాటైనా మాట్లాడకుండా వచ్చి తాడు పట్టుకుంటాడు. ఇద్దరూ కలిసి వల ఒడ్డుకు చేరుస్తారు. వల వేసినాయన ‘థాంక్స్’ అంటాడు. పక్కింటాయన టోపీ ఎత్తి, వెళ్ళిపోతాడు. ఈయన చేపలు ఇంటికి తెచ్చుకుని పొయ్యి ముందు కూర్చుంటాడు, బయట మంచు కురుస్తూ ఉంటుంది. అంతే కథ. ఏళ్ళ మౌనాన్ని ఒక్క ‘థాంక్స్’ పగలగొట్టింది చూశారా, గర్వం కరిగిపోయింది చూశారా అన్నారు మేడం. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈ కథ దేని గురించి, అదే రేపు మీరు రాయాల్సింది అన్నారు.

ఆ సాయంత్రం పాక దగ్గర కథ చెప్పాను. మేడం చెప్పినట్టే, ఆపవలసిన చోట ఆపుతూ, మంచు కూడా కురిపించి ముగించాను. ఎవరూ కదల్లేదు. అమ్మ నా మొహం వంకే చూస్తోంది.

“ఊ, చెప్పు. ఆ పక్కింటాయన వాటా ఏదే?”

అయిపోయిందమ్మా, అంతే కథ అన్నాను.

“ఎట్టా అయిపోద్ది? తాడు పట్టినాడు గదా ఆ మనిషి.”

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. ఒడ్డు నుంచి లాగే పెద్ద వలను మేము అలివి వల అంటాం. రెండు తాళ్ళు, ఒక్కో తాడుకు ఒక వరస మనుషులు. వల వేసింది ఎవరైనా, అది ఒడ్డెక్కేలోపు ఎవరు వచ్చి తాడు మీద చెయ్యి వేసినా వాళ్ళకు వాటా ఉంటుంది. ముసలివాళ్ళు వచ్చి ఊరికే పట్టుకుని నిలబడినా ఉంటుంది. చిన్నప్పుడు మేము తాడుకు వేలాడేవాళ్ళం తప్ప లాగింది లేదు, అయినా మా గిన్నెల్లో నాలుగేసి చిన్న కవళ్ళ చేపలు వేసి పంపేవారు. పగవాడు వచ్చి తాడు పట్టినా సరే, ఇవ్వాల్సిందే. పట్టుకోవద్దని అనేవాళ్ళూ లేరు, ఇవ్వకుండా పంపేవాళ్ళూ లేరు. దీన్ని ఎవరూ మాకు నేర్పలేదు, నేర్పాల్సిన విషయమని కూడా ఎవరూ అనుకోరు.

కాబట్టి ఆ సాయంత్రం మా ఒడ్డున అమెరికా ఆయన బతుకు బండలైంది. ఒకామె ఆయన్ను దొంగ అంది. ఇంకొకామె, దొంగైనా నయం, కనపడకుండా తీసుకుంటాడు, ఈయన ఎదురుగా నిలబెట్టి మరీ ఎగ్గొట్టినాడు అంది. మా నాన్న వల పక్కన పెట్టి, ఆ ‘థాంక్స్’ అనేది తినేదా అని అడిగాడు. పక్కింటాయన టోపీ ఎత్తింది మర్యాదకు కాదు, అందులో వాటా వేస్తాడేమోనని పట్టినాడు అని మా మేనత్త తేల్చింది. అందరూ విరగబడి నవ్వారు. నా క్లాసు వాళ్ళు కూడా ఆ చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళే. ప్రతి ఇంటి ముందూ ఇదే గొడవ. హార్బరు దాకా పోయింది కథ. మరబోటు వాళ్ళు కూడా తీర్పు చెప్పారు.

శుక్రవారం ఆఖరి పీరియడ్‌కు లెక్కల సారు వచ్చి, మమ్మల్ని దూరం దూరంగా కూర్చోబెట్టి, పుస్తకాల సంచులన్నీ వరండాలో పెట్టించారు. మేడం కిటికీ దగ్గర నిలబడ్డారు. మేము రాశాం. నా జన్మలో అంత కోపంగా ఎప్పుడూ ఏదీ రాయలేదు. మాటలు దొరక్కపోతే తెలిసిన మాటలతోనే తిట్టాను. పేజీ నిండి వెనక్కి కూడా తిప్పాను.

సారు కాగితాలు తీసుకుని ఒక్కొక్కటే చదివారు. మొదటిది చదివి తల ఊపారు. తర్వాతది చదివి కొంచెం ఆగారు. ఆ పైన వేగంగా తిరగేశారు. ఆయన మొహం గెలిచినవాడి మొహమైంది.

“అందరిదీ ఒకటే జవాబు. ఆ మనిషి దొంగ, దొంగ, దొంగ. ఎవరో చెప్పి బట్టీ పట్టించినారు మేడం ఇది.”

మేడం కిటికీ దగ్గర్నుంచి వచ్చి కాగితాలు తీసుకుని చదివారు. నాలుగైదు చదివేసరికి ఆమె నోరు తెరుచుకుంది. నేను చెప్పింది ఇది కాదు సార్, అన్నారు మెల్లగా. నేను చెప్పిందానికి ఇది పూర్తిగా తలకిందులు. సారు నమ్మలేదు. మీరు కాకపోతే గైడు చెప్పింది అన్నారు. వచ్చే సోమవారం నుంచి జామెట్రీ బాక్సులు తెచ్చుకోండి అని మావైపు తిరిగారు.

అమ్మ, మేనత్త, పాక, సాయంత్రాలు అన్నీ ఒక్కసారి నా కళ్ళ ముందు తిరిగాయి. లేచి నిలబడ్డాను. 

“సార్, తాడు పట్టిన మనిషికి వాటా ఇయ్యకపోతే ఎవురైనా ఏమంటారు సార్? మీరైతే ఏం రాస్తారు?”

సారుకు అర్థం కాలేదు. వాటా ఏందమ్మా అన్నారు. ఆయనది చేల ఊరు, ఏ ఒడ్డునా తాడు పట్టింది లేదు. ఇక మేము చెప్పడం మొదలుపెట్టాం. ఒకరు ఆగకముందే ఇంకొకరు. అలివి వల దగ్గర వాటా ఎలా పోతుందో చెప్పాం. అక్కడే మాలో మాకు తగువు వచ్చింది. పక్కింటాయనకు ఎంత రావాలి? సగం రావాలని నేను. వల ఆ మనిషిది కాబట్టి ముందు వల వాటా తియ్యాలని వెనక బెంచీ అబ్బాయి. తెల్లవారుజామున చలిలో వచ్చాడు, చలికి కూడా ఏదో ఒకటి కలపాలని ఇంకొకమ్మాయి. ఏళ్ళ తరబడి మాట్లాడని మనిషి వచ్చాడంటే అసలు ఆయనకే ఎక్కువ ఇవ్వాలని వేరొకరు. బెంచీల మీద కొట్టుకుంటూ అరుచుకున్నాం. బట్టీ పట్టినవాళ్ళు అట్లా అరుచుకోరు. సారుకు అది తెలుసు. ఆయన మమ్మల్ని కాసేపు చూసి, ఉండండి ఉండండి అని సుద్దముక్క తీసుకున్నారు.

బోర్డు మీద ఒక వల గీశారు. వల వాటా ఒక భాగం తీశారు. మిగిలింది ఇద్దరికీ పంచారు. అది కుదరదని మేము గోల చేస్తే చెరిపి మళ్ళీ వేశారు. చలికి ఎంత కలపాలో సమీకరణం రాసి, ఆ తెలియని రాశికి ఎక్స్ అని పేరు పెట్టి, ఇది తేలాలంటే ఆ రోజు చలి ఎంతుందో కథలో ఉందా మేడం అని అడిగారు. మేడం పుస్తకం తీసి వెతికారు. లేదు సార్, చాలా చలి అని మాత్రమే రాశారు అన్నారు. ఇట్లా రాస్తే ఎట్టా అని సారు ఆ రచయిత మీద విసుక్కున్నారు. బెల్లు కొట్టారు. ఒక్కరూ లేవలేదు. బస్సు పోతుందేమో మేడం అని నేను గుర్తుచేస్తే, పోనీలే, ఇంకొకటి ఉంటుంది అన్నారామె.

బడి అంతా ఖాళీ అయినా ఈ గది నుంచి అరుపులు ఆగకపోయేసరికి హెడ్‌మాస్టర్ గారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. బోర్డు మీద భిన్నాలు, కింద చేపలు, చెయ్యంతా సుద్దతో లెక్కల సారు. ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు.

“ఇంతకీ ఇది ఎవరి పీరియడ్ సార్?”

సారు బోర్డు చూశారు, మేడం టేబుల్ మీద మా కాగితాల కట్ట చూశారు. చేతులు దులుపుకున్నారు.

“ఇంగ్లీషుదే సార్. పిల్లలు సొంతంగా రాసినారు.”

మా అరుపులకు వరండాలో కాకులు లేచిపోయాయి. మేడం ముక్కు తుడుచుకున్నారు. తర్వాత నా బెంచీ దగ్గరకు వచ్చి, నాకు ఆ వాటా చూడాలని ఉంది, ఎప్పుడు రమ్మంటావు అని అడిగారు.

మర్నాడు రెండో శనివారం, బడికి సెలవు. మేడం పొద్దున్నే బస్సు దిగారు. అలివి వల అప్పటికే సగం దూరం వచ్చేసింది. ఆమె చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు పైకి దోపి, వరసలో నా వెనక నిలబడి తాడు పట్టుకున్నారు. ఆమెకు లాగడం రాలేదు. తాడు వెనక్కి పోతుంటే ఆమె ముందుకు పోయారు. ఇసకలో కూర్చుండిపోయి పగలబడి నవ్వారు, లేచి మళ్ళీ పట్టుకున్నారు. అరచేతులు ఎర్రబడి మండుతున్నా వదల్లేదు. నన్ను రోజూ ప్రశ్నలతో వేధించే మనిషి ఒంటి నిండా ఇసకతో అలా నిలబడితే నాకు ఎంత గర్వంగా ఉండిందో చెప్పలేను.

వల ఒడ్డెక్కింది. చేపలు కుప్ప పోశారు. పెద్దాయన ఒకరు వాటాలు వేస్తూ, అందరితో పాటే ఒక చిన్న కుప్ప మేడం ముందు కూడా వేసి ముందుకు సాగిపోయారు. ఆయన తలెత్తి మొహం కూడా చూడలేదు. మేడం కంగారుపడ్డారు. అయ్యో వద్దండీ, నేను ఊరికే పట్టుకున్నాను, చూద్దామని వచ్చాను, నేనేం లాగాను అంటూ వెనక్కి జరిగారు. చుట్టూ ఉన్నవాళ్ళు చేస్తున్న పని ఆపి చూశారు. మా అమ్మ గంప కింద పెట్టి వచ్చింది. ఆ కుప్పలోని చేపలన్నీ ఒక సంచిలో వేసి, మేడం చేతిలో పెట్టి, ఆ చేతిని మూసింది. పొలుసుల చేతులు అవే.

“తీసుకో మేడం. మమ్మల్ని కూడా ఆ అమెరికా ఆయన్ని చెయ్యబాక.”

 మేడం మా అమ్మ చేతుల వంక చూసి, నా వంక చూశారు. తర్వాత సంచి నోరు మళ్ళీ తెరిచి అమ్మ ముందు పట్టారు.

“అయితే ఇంకొకటి వెయ్యండమ్మా. నిన్న మా లెక్కల సారు కూడా తాడు పట్టారు.”